నాన్నగారి పుస్తకాల షాపును మూయక తప్పడం లేదు, ఎలా మూయాలి?

ప్రశ్న: మా నాన్నగారు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పట్టణంలో 1983 నుంచి పుస్తకాల షాపు నడుపుతున్నారు. ఆయన వయసు ఇప్పుడు 71. షాపున్న భవనాన్ని పడగొట్టి కాంప్లెక్సు కడతామని యజమాని చెప్పి, ఖాళీ చేయడానికి అయిదు నెలల గడువిచ్చారు. ఇప్పుడు నెలకు 18,000 రూపాయలు అద్దె కడుతున్నాం. అదే వీధిలో మరో చోట చూస్తే దానికి రెట్టింపు అడుగుతున్నారు. లోపల తొమ్మిది వేల దాకా పుస్తకాలున్నాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య "వచ్చే ఆదివారం వస్తాను, పాత పేపర్ల వాళ్లకు తూకానికి ఇచ్చేసి ఒక్క రోజులో ముగిద్దాం, నాన్నను ఇంక శ్రమ పెట్టొద్దు" అంటున్నాడు. నా స్నేహితురాళ్లేమో బ్యాంకు అప్పు తీసుకుని నన్నే నడపమంటున్నారు, ఒక మూల కాఫీ కూడా పెడితే కుర్రకారు వస్తారంటున్నారు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఆ షాపు బల్ల కింద కూర్చునే చదవడం నేర్చుకున్నాను. అయినా గత పదేళ్లుగా నాకు కావలసిన పుస్తకాలను చాలావరకు ఫోన్‌లోనే తెప్పించుకుంటున్నాను. ఆ సంగతి నాన్నకు తెలుసు, ఎన్నడూ ఒక్క మాట అనలేదు. గడువు సంగతి తెలిసిన రోజు నుంచి ఆయన మాట్లాడటం తగ్గించేశారు. ఉదయం తొమ్మిదికి వెళ్లి షట్టరు తీసి, అరలు దులిపి, రాత్రి ఎనిమిదింటికి తిరిగి వస్తున్నారు. ఆయన కుర్చీ వెనక ఉన్న అరలో ఎవరెవరో అడిగి తెప్పించుకున్న పుస్తకాలు, పేర్లు రాసిన చీటీలతో ఇప్పటికీ ఉన్నాయి. అవి ఎవరూ వచ్చి తీసుకోలేదు. నేను ఏం చేయాలి? (పేరు, ఊరు వేయవద్దన్న పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఎదురుచూస్తున్నది నా అభిప్రాయం కోసం కనుక దాన్ని ముందే చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. షాపును మూసివేయండి. దాని కోసం అప్పు చేయవద్దు, ఉద్యోగాన్ని వదులుకోవద్దు. అయితే వచ్చే ఆదివారం అక్కడి నుంచి ఒక్క పుస్తకం కూడా తూకానికి వెళ్లకూడదు. యజమాని ఇచ్చిన అయిదు నెలలనూ చివరి రోజు దాకా వాడుకుని, నలభై ఏళ్లకు పైగా ఆ షాపు ఏ పద్ధతిలో నడిచిందో అదే పద్ధతిలో, మీ నాన్నగారి చేతుల మీదుగా అది మూతపడేలా చూడండి.

అప్పు వద్దని ఎందుకంటున్నానో లెక్క వేసి చూపిస్తాను. రెండు వందల రూపాయల పుస్తకం మీద మీ నాన్నగారికి నూటికి ముప్పయి కమీషన్ వస్తుందనుకుందాం, అంటే ఆయన దాన్ని 140కి తెచ్చి 200కి అమ్ముతారు. ఎప్పుడూ వచ్చేవారికి నూటికి పది తగ్గించక తప్పదు కనుక అందులో ఇరవై పోతుంది. మిగిలిన నలభై రూపాయల్లోనే కరెంటు బిల్లు, లారీ ఆఫీసు నుంచి పార్సిళ్లు తెచ్చే కూలి, ఏళ్ల తరబడి అమ్ముడుపోక పసుపెక్కిన కాపీల నష్టం, ఇంటి ఖర్చు అన్నీ సర్దుకోవాలి. అవన్నీ లేవనుకుని ఆ నలభైనీ అద్దెకే జమ చేసినా, 18,000 రూపాయలు రావాలంటే నెలకు 450 పుస్తకాలు అమ్ముడుపోవాలి. ఆదివారం కూడా తెరిచి ఉంచితే రోజుకు పదిహేను. కొత్త చోట అద్దె రెట్టింపు కనుక రోజుకు ముప్పయి. మీ పట్టణంలో రోజుకు ముప్పయి పుస్తకాలు అమ్ముడుపోతాయా అని మీ నాన్నగారిని అడిగి చూడండి, ఆయన పద్దు పుస్తకం తెరవకుండానే జవాబు చెబుతారు. ఈ లెక్కలో బ్యాంకు వడ్డీని నేనింకా కలపలేదు.

ఒకప్పుడు ఈ లెక్క కుదిరిందంటే, కథల పుస్తకాలను బడి పుస్తకాలు మోశాయి కనుక కుదిరింది. జూన్, జూలై నెలల్లో గైడ్లు, నోటు పుస్తకాలు, నిఘంటువులు, అట్లాసులు, ఉగాదికి ముందు పంచాంగాలు, ఉద్యోగ ప్రకటన వెలువడినప్పుడల్లా పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మిన డబ్బుతోనే చిన్న పట్టణాల విక్రేతలు ఏడాదికి నాలుగు కాపీలు కూడా కదలని కవితా సంపుటాలను అరలో నిలబెట్టగలిగారు. ఇప్పుడు ప్రైవేటు పాఠశాలలు చాలావరకు తమ పిల్లలకు కావలసిన పుస్తకాలన్నీ తమ ఆవరణలోనే అమ్ముతున్నాయి. పోటీ పరీక్షలకు చదివేవారు కోచింగ్ సెంటర్ల మెటీరియల్ తీసుకుంటున్నారు, లేదా ఫోన్‌లో చదువుకుంటున్నారు. వారం వారం పత్రిక కోసం షాపుకు వచ్చి, వచ్చిన పనిలో ఒక నవల కూడా పట్టుకెళ్లే పాఠకుల రాకపోకలు, 2020 లాక్‌డౌన్ తరువాత కొన్ని వారపత్రికల అచ్చు నిలిచిపోవడంతో ఇంకా తగ్గాయి. పుస్తకం మీద ప్రేమ తగ్గడం ఒక్కటే దీనికి కారణమని నేను నమ్మడం లేదు. ఆ ప్రేమకు ఆసరాగా ఉన్న చిన్న చిన్న వ్యాపారాలు ఒక్కొక్కటిగా షాపు గడప దాటి వెళ్లిపోయాయి.

కాఫీ సంగతి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సొంత భవనం ఉండి, పెట్టుబడి పెట్టగలిగిన మనిషికి అది మంచి ఆలోచనే కావచ్చు. మీకు అది మరో అద్దె, మరో లైసెన్సు, ఇద్దరు పనివాళ్ల జీతం అవుతుంది. మీ నాన్నగారికి వచ్చిన విద్య పుస్తకం అమ్మడం, డెబ్బై ఒకటో ఏట ఆయన్ని హోటలు వ్యాపారంలోకి దింపవద్దు.

ఇప్పుడు మీరు ఉత్తరం మధ్యలో చెప్పీ చెప్పనట్టు చెప్పిన మాట దగ్గరకు వస్తాను. మీరు ఫోన్‌లో పుస్తకాలు తెప్పించుకున్నారు. ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో మొదలైనప్పుడు అమ్మినవి పుస్తకాలే. అమెజాన్ 2013 జూన్‌లో మన దేశంలో అమ్మకాలు ప్రారంభించింది. మీ నాన్నగారికి వచ్చే కమీషన్ కంటే ఎక్కువ తగ్గింపును పాఠకుడికే ఇచ్చి అమ్మడం నష్టాన్ని కొన్నేళ్లు భరించగల సంస్థకు సాధ్యం, నెల నెలా అద్దె కట్టుకునే షాపుకు ఎన్నటికీ సాధ్యం కాదు. ఆ పరిస్థితిని మీరు తెచ్చిపెట్టలేదు. మీరు ప్రతి పుస్తకాన్నీ నాన్నగారి దగ్గరే కొని ఉన్నా, ఏడాదికి ఇరవై ముప్పయి పుస్తకాల కమీషన్‌తో ఆ అద్దె తీరేది కాదు. అలాగని మీ మనసులో బాధ ఉండకూడదని నేను అనను, అది ఉన్నందుకే మీరు ఈ ఉత్తరం రాశారు. నా భయమల్లా ఆ బాధ తీర్చుకోవడానికి మీరు పదేళ్ల అప్పు నెత్తిన పెట్టుకుంటారేమోనని. ఈ సంగతి నాకు రాసినట్టే నాన్నగారితో కూడా ఒకసారి చెప్పండి. ఆయన ఏమీ అనలేదని రాశారు. ఏమీ అనని మనిషికి కూడా కూతురు తనంత తానుగా వచ్చి చెబితే వినాలని ఉంటుంది.

తూకం విషయంలో నేను ఇంత పట్టుగా ఎందుకున్నానో చెప్పాలి. నా ఇరవై రెండో ఏట ఒక పట్టణంలో పుస్తకాల షాపులో గుమాస్తాగా పనిచేశాను. యజమాని హఠాత్తుగా పోయారు. దినాలు అయిన మూడో రోజున కొడుకులు, మీ అన్నయ్య గారిలాగే త్వరగా ముగించాలన్న ఆలోచనతో, పాత కాగితాల వ్యాపారిని పిలిచారు. కాటాను ఇనుప కొక్కేనికి వేలాడదీసి, పుస్తకాలను పురికొసతో కట్టలు కట్టి తూచడం మొదలుపెట్టారు. గట్టి అట్టలున్న పుస్తకాలకు అట్టలు పీకి పారేయాలని, లోపలి కాగితానికే ధర కడతామని అతను అన్నాడు. సాయంత్రం దాకా నేను కూర్చుని అట్టలు పీకాను. నిఘంటువు అట్ట అంత తేలికగా రాదు, వీపు దగ్గర జిగురు, గుడ్డ కలిసి పట్టుకుని ఉంటాయి, కత్తి పెట్టి కోయాలి. ఆ కట్టల్లో ఒక కవి సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుని, అమ్మి పెట్టమని ఇచ్చి వెళ్లిన అరవై కాపీలు కూడా వెళ్లిపోయాయి. ప్రతి కాపీ లోపలి పేజీ మీద ఆయన చిరునామా రబ్బరు ముద్ర ఉంది. తరువాతి నెలలో ఆయన బస్సులో వచ్చి, దించి ఉన్న షట్టరు ముందు నిలబడి, పక్క కిళ్లీ కొట్టులో నా ఇల్లు అడిగి తెలుసుకుని వచ్చారు. డబ్బు అక్కర్లేదని, మిగిలిన కాపీలు ఇస్తే తీసుకెళతానని అన్నారు. ఆయనకు నేను చెప్పిన జవాబు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మీ ఇంటి గుమ్మం ముందు అటువంటి మనిషి ఎవరూ నిలబడకూడదు.

కనుక పని అక్కడి నుంచే మొదలుపెట్టండి. తెలుగులో పుస్తకం అచ్చయ్యే తీరు మీకు తెలుసు. చాలామంది రచయితలు అయిదు వందలో వెయ్యో కాపీలు సొంత డబ్బుతో వేయించుకుని, కొన్ని మంచం కింద పెట్టుకుని, మిగిలినవి పదేసి, ఇరవయ్యేసి చొప్పున షాపులకు ఇస్తారు. అమ్మిన తరువాతే డబ్బు. అంటే ఆ కాపీలు మీ షాపులో ఉన్నా మీ సరుకు కాదు, వాటిని తూకానికి ఇచ్చే హక్కు మీ అన్నయ్య గారికి గానీ మీకు గానీ లేదు. నాన్నగారి దగ్గర వీటికి వేరే పుస్తకం ఉండే ఉంటుంది, లేకపోతే ఆయన జ్ఞాపకమే పుస్తకం. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, ఎవరివి ఎన్ని వచ్చాయో, ఎన్ని అమ్ముడుపోయాయో, ఎంత ఇవ్వాలో రాసుకోండి. అమ్మినవాటికి డబ్బు పంపండి, మిగిలినవి తిరిగి ఇవ్వండి. కొందరు రచయితలు కాలం చేసి ఉంటారు, వారి పిల్లలకు ఫోన్ చేయండి. తండ్రి పుస్తకం పది కాపీలు దొరుకుతున్నాయంటే ఎంత దూరం నుంచైనా వచ్చి తీసుకువెళ్లే పిల్లలను నేను చూశాను. ఈ పని పూర్తయ్యే దాకా మిగతా అరల జోలికి వెళ్లవద్దు.

తరువాత ప్రచురణకర్తలు. విజయవాడ ఏలూరు రోడ్డు నుంచి గానీ హైదరాబాద్ కాచిగూడ, కోఠీల నుంచి గానీ సరుకు పంపే సంస్థలకు, షాపు మూస్తున్నామని నాన్నగారి సంతకంతో ఉత్తరం రాయించండి. వాపసు తీసుకునే ఒప్పందం ఉన్న పుస్తకాలకు ఆ మేరకు ఖాతాలో జమ వేస్తారు, ఒప్పందం లేకపోయినా నలభై ఏళ్ల పరిచయానికి కొందరు తీసుకుంటారు. బాకీలు ఉంటే ముందు చిన్న ప్రచురణకర్తలవి తీర్చండి. పెద్దవారు రెండు నెలలు ఆగగలరు.

ఇక మీ సొంత సరుకు. దాన్ని ఎలా అమ్మాలో చెప్పే ముందు, వేరే నగరాల్లో ఇటువంటి షాపులు ఎలా మూతపడ్డాయో మీకు తెలియడం మంచిది. బెంగళూరులో చర్చ్ స్ట్రీట్, మ్యూజియం రోడ్డు కలిసే చోట టి.ఎస్. షాన్‌భాగ్ 1971లో ప్రీమియర్ బుక్‌షాప్ తెరిచారు. నేల నుంచి తలెత్తు దాకా పేర్చిన పుస్తకాల మధ్య మనిషి ఒరుసుకుంటూ నడవవలసినంత ఇరుకు షాపు అది, ఆ గుట్టల్లో ఏ పుస్తకం ఎక్కడుందో ఆయనకు కంఠతా ఉండేది. 2009లో, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, ఆయన మరో చోట మొదలుపెట్టే ఆలోచన చేయకుండా దాన్ని మూసివేశారు. 2021 మే నెలలో ఆయన పోయినప్పుడు, మూతపడి పన్నెండేళ్లయిన షాపు గురించి నగరమంతా నిన్నటి సంగతిలా మాట్లాడుకుంది. ఆ చర్చ్ స్ట్రీట్‌లోనే ఇప్పుడు బ్లాసమ్, బుక్‌వర్మ్ వంటి షాపులు నిండుగా నడుస్తున్నాయి, అంటే ఆయన అలవాటు చేసిన చదువరులు ఆ వీధిని వదిలిపోలేదు.

ఆయన ఈ వృత్తి నేర్చుకున్నది ముంబైలో, తన బంధువైన టి.ఎన్. షాన్‌భాగ్ నడిపిన స్ట్రాండ్ బుక్‌స్టాల్‌లో. 1948లో స్ట్రాండ్ సినిమా హాలులో చిన్న కొట్టుగా మొదలై తరువాత ఫోర్ట్ ప్రాంతానికి మారిన ఆ షాపు ఎంత పేరు తెచ్చుకుందంటే, పుస్తకాలు అమ్మినందుకు టి.ఎన్. షాన్‌భాగ్‌కు 2003లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2009లో కన్నుమూశాక కుటుంబం మరో తొమ్మిదేళ్లు నడిపి, 2018 ఫిబ్రవరిలో మూసివేసింది. చివరి రోజుల్లో తగ్గింపు ధరలకు అమ్ముతున్నామని తెలియగానే పాఠకులు పోటెత్తారు. పద్మశ్రీ వచ్చిన షాపుకే అది తప్పలేదు కనుక, మీ నాన్నగారు ఎక్కడో పొరపాటు చేశారన్న ఆలోచన మీ ఇంట్లో ఎవరి మనసులో ఉన్నా తీసివేయండి. ఈ రెండు షాపుల సంగతిలో నాకు నచ్చింది మరొకటి ఉంది. రెండూ తలుపులు తెరిచి ఉండగానే మూతపడ్డాయి. వచ్చి చూసుకోవడానికి, చివరిగా ఒక పుస్తకం కొనుక్కోవడానికి పాఠకులకు సమయం దొరికింది.

మీరూ అలాగే చేయండి. షాపు ముందు ఒక బోర్డు పెట్టించండి, ఏ తేదీన మూస్తున్నారో స్పష్టంగా రాయించండి, ఎప్పుడు తెరిచారో కూడా రాయించండి. మొదటి రెండు నెలలు నూటికి ఇరవై తగ్గింపుతో అమ్మండి, మూడో నెలలో ముప్పయి, నాలుగో నెలలో సగం ధర. మొదటి రోజే సగం ధర పెడితే మంచి పుస్తకాలన్నీ వ్యాపారులు పట్టుకుపోతారు, మీ పాత పాఠకులకు కబురు అందే సరికి అరలు ఖాళీ అవుతాయి. ఊరు విడిచి వెళ్లిన పాఠకులు హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ ఉంటారు. వారి కోసం అరల ఫొటోలు తీసి, పుస్తకాల పేర్లు చదవగలిగేంత దగ్గర నుంచి తీసి, వాట్సాప్‌లో పంపండి. తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. అందులో పుస్తకాలను 300 గ్రాముల వరకు 20 రూపాయలకు, 5 కిలోల వరకు 100 రూపాయలకు దేశంలో ఎక్కడికైనా పంపవచ్చు, పన్ను అదనం. పత్రికలకు, ప్రకటనలున్న ప్రచురణలకు ఇది వర్తించదు కనుక వారపత్రికల బైండ్లు ఉంటే ముందుగా పోస్టాఫీసులో కనుక్కోండి. మీ గడువులోగా డిసెంబరు, జనవరి నెలలు వస్తే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలోనో, 1989 నుంచి జరుగుతున్న విజయవాడ పుస్తక మహోత్సవంలోనో తెలిసిన ప్రచురణకర్త స్టాలులో ఒక బల్ల అడగండి. అప్పటికీ మిగిలినవాటికి విజయవాడ లెనిన్ సెంటర్‌లోనూ హైదరాబాద్ కోఠీలోనూ పాత పుస్తకాలు అమ్మేవారున్నారు. వారు పుస్తకాన్ని పుస్తకంగానే కొంటారు, అట్టలు పీకరు.

గ్రంథాలయాలకు ఇద్దామని చాలామంది సలహా చెబుతారు, ఇవ్వవచ్చు కూడా, కానీ లారీ నింపి పంపవద్దు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. అయినా ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరక, ఎన్నో శాఖా గ్రంథాలయాల్లో కొత్త బీరువా కొనే స్థితి కూడా లేదు. అలాంటి చోట దించిన మూటలు వరండాలోనే చెదలు పడతాయి. అరుదైనవి, అంటే 1950లు, 60ల నాటి ముద్రణలు, ఆగిపోయిన పత్రికల సంచికలు, స్థానిక చరిత్రలు, విడిగా తీసి జాబితా రాసి, వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికో పంపి, వారు కావాలన్నవి మాత్రమే ఇవ్వండి. వేటపాలెం గ్రంథాలయం 1918లో మొదలైంది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికలను ఎలా దాచాలో తెలిసిన చోటు అది. పిల్లల పుస్తకాలు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు, మీ పాఠశాలకు తీసుకువెళ్లండి. మీ తరగతి గదిలో ఒక చెక్క అర చాలు, పాత షాపులోని అరనే ఒకటి తెచ్చి పెట్టించవచ్చు.

సిలబస్ మారి ఎవరికీ పనికిరాకుండా పోయిన గైడ్లు, చెద పట్టినవి, తడిసి పేజీలు అతుక్కుపోయినవి తూకానికే వెళ్లాలి, అందులో తప్పు లేదు. అవి ఏవో ఎంచవలసింది మాత్రం మీ నాన్నగారే.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, వాటిని మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ కూడా అవసరం లేదు. పెన్నులు, స్టేషనరీ అమ్మడం వల్ల రిజిస్ట్రేషన్ తీసుకుని ఉంటే దాన్ని రద్దు చేయించుకుని, రద్దయిన మూడు నెలల్లోగా తుది రిటర్న్ వేయించండి. లెక్కల పుస్తకాలను ఆరేళ్లకు పైగా భద్రపరచాలి కనుక అవి ఏ కట్టలోనూ కలిసిపోకుండా చూడండి. పురపాలక సంఘం ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు నమోదు, కరెంటు మీటరు డిపాజిట్, యజమాని దగ్గరున్న అడ్వాన్సు, ఈ పనులన్నీ మీ అన్నయ్య గారికి అప్పగించండి.

మీ అన్నయ్య గారి మీద నాకు కోపం లేదు. నాన్న రోజూ వెళ్లి ఆ అరలు దులుపుతున్నారన్న మాట దూరాన ఉండి వినడం ఆయనకు కష్టంగా ఉండి ఉంటుంది, ఆ కష్టం ఒక్క రోజులో తీరిపోవాలని తూకం మాట అన్నారు. "ఆదివారం రా అన్నయ్యా, కాటా తేకు, లాప్‌టాప్ తీసుకురా" అని చెప్పండి. ఆయన ఆ రోజంతా నాన్నగారి పక్కన కూర్చుని జాబితా టైపు చేస్తే చాలు. నాన్నగారి శ్రమ తగ్గించాలన్నది ఆయన కోరిక కదా. మోయడం, ఎక్కించడం, ఎండలో తిరగడం తగ్గించండి. ఏ పుస్తకం ఎవరికి వెళ్లాలో నిర్ణయించే పనిని తగ్గించవద్దు. ఆ పని తీసేస్తే ఆయనకు ఇక చేయడానికి మిగిలేది షట్టరు దించడమే.

ఆయన మౌనం గురించి. మాట్లాడించాలని ప్రయత్నించకండి. పని అడగండి. నిచ్చెన మీద మీరు ఎక్కి, ఒక్కొక్క అర దించి ఆయన ముందు పెట్టి, "ఇది ఎవరి కోసం తెప్పించారు నాన్నా?" అని అడిగితే ఆయనే చెబుతారు. ఏ మాస్టారు జీతం రాగానే వచ్చి వాయిదాల మీద నిఘంటువు కొన్నారో, ఏ రచయిత ఆ బల్ల మీద కూర్చుని సంతకాలు చేశారో, ఏ ఏడు వరదకు కింది రెండు అరలు పోయాయో. అప్పుడు మీ ఫోన్‌ను పక్కన రికార్డింగ్‌లో పెట్టుకోండి, ఆయనకు చెప్పే పెట్టండి. మన రచయితల జీవిత చరిత్రలు ఉన్నాయి, ప్రచురణ సంస్థల గురించి కూడా కొంత రాసుకున్నాం. కానీ చిన్న పట్టణంలో నలభై ఏళ్లు కౌంటరు వెనక కూర్చుని, ఏ ఊరివాళ్లు ఏ కాలంలో ఏం చదివారో కళ్లారా చూసిన మనిషి చెప్పిన మాటలు మన దగ్గర చాలా తక్కువ. టీచరు కనుక వాటిని రాసి పెట్టడం మీకు చేతనవుతుంది. షాపును నడపడం కంటే మీరు బాగా చేయగలిగిన పని ఇది అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పద్దు పుస్తకంలో షాపుకు రావలసిన బాకీలు కూడా ఉంటాయి. వాటిని ఎలా వసూలు చేయాలని మీరు అడగలేదు, నాన్నగారు అడగనివ్వరని ఊహిస్తున్నాను. మూసే తేదీ చెబుతూ అందరికీ ఒకే ఉత్తరం పంపండి, బాకీ ప్రస్తావన అందులో వద్దు. చెల్లించాలనుకున్నవారికి ఆ ఉత్తరం చాలు. రానివాటిని చివరి రోజున ఆయనే కొట్టివేస్తారు.

ఇక ఆయన కుర్చీ వెనక ఉన్న అర. అడిగి తెప్పించుకున్నవారికి ఆ షాపు ఇచ్చిన మాట అక్కడ ఉంది, అందుకే ఆ అరలోని పుస్తకాలను తగ్గింపు అమ్మకంలో పెట్టవద్దు. నాన్నగారితో కూర్చుని చీటీలు ఒక్కొక్కటే చదవండి. ఊళ్లో ఉన్నవారికి ఫోన్ చేసి, రాలేనివారికి మీరే పట్టుకెళ్లి ఇవ్వండి. ఊరు మారినవారి చిరునామా కనుక్కుని పోస్టు చేయండి. పోయినవారి పుస్తకాలను వారి ఇంటికి తీసుకువెళ్లి, ఆయన మీ షాపులో దీన్ని అడిగారని చెప్పండి, డబ్బు తీసుకోవద్దు. ఆ ఇళ్లకు వెళ్లేటప్పుడు నాన్నగారిని వెంట తీసుకువెళ్లండి. ఆదివారం దాకా ఆగనక్కర్లేదు, రేపు ఉదయం తొమ్మిదికి ఆయన షట్టరు తీసేటప్పుడు మీరూ అక్కడ ఉండి, మొదటి చీటీ మీద ఎవరి పేరుందో అడగండి.